నల్లగొండ ఎండలో ఆర్‌సీ టూరింగ్ కారు: కిట్ విప్పిన రోజు నుంచి రేసు దాకా

పార్సిల్ వచ్చిన సాయంత్రమే కూర్చుని, అన్నం సంగతి కూడా మర్చిపోయి, రాత్రి రెండింటికల్లా నా మొదటి ఆర్‌సీ కారు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కారు, కట్టేశాను. పొద్దున్నే కాలనీ సీసీ రోడ్డు మీద వదిలితే మూడు నిమిషాలు బాణంలా పోయింది, నాలుగో నిమిషంలో గరగరమని చప్పుడొచ్చి నిలబడిపోయింది. విప్పి చూస్తే పెద్ద గేరు పళ్లన్నీ పొడి. పినియన్‌ని, అంటే మోటారు మీది చిన్న గేరును, మోటారు ఇరుసుకు పట్టి ఉంచే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని ఇరుసు చదునుగా ఉన్న వైపు బిగించాలి, నేను గుండ్రంగా ఉన్న వైపు బిగించాను. అయినా బుద్ధి రాలేదు. ఆరు నెలల పాటు అల్యూమినియం పార్టులు, రంగురంగుల స్ప్రింగులు కొంటూ పోయాను, ల్యాప్ టైము (ట్రాక్ ఒక చుట్టుకు పట్టే టైము) మాత్రం కదల్లేదు. ట్రాక్టర్లు బాగుచేసే మా చిన్నాయన ఒకరోజు ఆ బండిని చేతిలోకి తీసుకుని చక్రం వేలితో తిప్పి చూసి, "ఫ్రీగనే తిరుగుతలేదు కదరా, ఇంకేం ఉరుకుతది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని బండి మొత్తం విప్పి మళ్లీ కట్టాను. ఒక్క కొత్త పార్టు వేయకుండానే ల్యాపుకు దాదాపు సెకను తగ్గింది. అందుకే ఇక్కడ కట్టడం గురించే ఎక్కువ రాస్తున్నాను, సెటప్ (ఎత్తు, స్ప్రింగులు, కోణాలు సరిచేసుకోవడం) ముచ్చట దాని తర్వాత.

ముందు జాగా, తర్వాత కారు

టూరింగ్ కారంటే అసలు కారులో పదో వంతు సైజు, నాలుగు చక్రాలకూ పవర్, వెడల్పు సుమారు 190 మి.మీ., ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం 257 మి.మీ. దగ్గర. కింద నేల నుంచి అయిదారు మిల్లీమీటర్ల ఎత్తులో పోతుంది. బగ్గీలా మట్టిలో తిప్పేది కాదు, చిన్న గులకరాయి తగిలినా పల్టీ కొడుతుంది. కాబట్టి కారు కొనే ముందే ఎక్కడ తిప్పుతారో చూసుకోండి.

మన ఊళ్ల దగ్గర కార్పెట్ పరిచిన ట్రాకులు నేను చూడలేదు, ఉన్నవి వాడుకోవాలి. బాస్కెట్‌బాల్ కోర్టు చాలా మంచిది, ఫంక్షన్ హాల్ పార్కింగ్ పరవాలేదు, ఊళ్లల్లో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లాలు కూడా చిన్న బండికి సరిపోతాయి. కల్లం కావాలంటే మాత్రం రైతును అడిగి, వడ్లు లేని రోజుల్లోనే. మేము మిర్యాలగూడ వైపు ఒక కల్లం మీద నేర్చుకున్నాం, పోసిన వడ్ల పక్కన బండి తిప్పామని ఒకాయన కట్టె పట్టుకుని ఉరికించాడు, తప్పు మాదే.

ట్రాక్ హద్దులకు బాయి కాడ పాతబడిన లపేట పైపు (చదునుగా చుట్టిపెట్టే నీళ్ల పైపు) తెచ్చి, అందులో ఇసుక నింపి పరిస్తే చాలు. పెద్ద పెద్ద ట్రాకుల్లో కూడా ఫైర్ ఇంజన్ పైపులాంటిదే పరుస్తారు. బండి తగిలినా పగలదు, పైపు జరగదు. దారి వెడల్పు రెండున్నర మీటర్లు ఉంచండి, అంతకన్నా ఇరుకైతే కొత్తవాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూనే ఉంటారు. తిప్పే ముందు చీపురుతో రెండుసార్లు ఊడ్చండి. పాలమూరు చెలకల ఎర్రమట్టి గాలికి వచ్చి సిమెంటు మీద పొడిలా కూర్చుంటుంది, కంటికి కనపడదు కానీ టైరుకు తెలుస్తుంది.

ఏ కిట్ కొనాలి

మొదటి బండికి నా మాట ఒక్కటే: తమియా అనే జపాన్ కంపెనీ టీటీ-02. 2013లో వచ్చిన మోడల్, ఇప్పటికీ పార్టులు దొరుకుతాయి. షాసీ ఒక ప్లాస్టిక్ తొట్టిలా ఉంటుంది, మధ్యలో షాఫ్ట్ ముందుకూ వెనక్కూ పవర్ పంచుతుంది, గేర్లన్నీ మూతలు వేసి ఉంటాయి. మన దుమ్ముకు ఈ మూతలే కావాలి. ఎక్స్‌రే, యోకోమో లాంటి కంపెనీల ఖరీదైన కార్లు బెల్టు మీద నడుస్తాయి, కార్బన్ షాసీ, ప్రతి కోణాన్నీ మార్చుకోవచ్చు, చేతిలో పట్టుకుంటేనే ముద్దొస్తాయి. కానీ బెల్టు, పుల్లీ బయటికే ఉంటాయి, ఇసుక రేణువు ఒకటి మధ్యలో పడితే చాలు. కార్పెట్ మీదా, శుభ్రమైన తారు మీదా రేసుకు పోయే రోజు వచ్చినప్పుడు అవి కొనుక్కుందురు గానీ.

టీటీ-02లో మామూలు కిట్‌కు రెండు లోపాలున్నాయి. షాక్‌లలో (షాక్ అబ్జార్బర్లలో) ఆయిల్ ఉండదు, ఉత్త రాపిడితో ఆగేవి. బేరింగుల చోట ప్లాస్టిక్ బుష్‌లు ఇస్తారు. ఈ రెండూ మొదటి రోజే మార్చేయండి, బయట 11 మి.మీ. లోపల 5 మి.మీ. ఉన్న బేరింగుల సెట్టు, ఆయిల్ షాక్‌లు నాలుగు. మిగతా అల్యూమినియం మోజంతా పక్కన పెట్టండి. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే అదే బండిలో టైప్-ఎస్ తీసుకోండి, సస్పెన్షన్ మార్చుకునే వీలు దాంట్లో ఉంది. మామూలు దాంట్లో పై లింకు పొడవు మార్చలేం, అంటే కాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) ఎంతిస్తే అంతే.

డబ్బాలో ఏం రాదో కూడా చదువుకోండి. రిమోట్, రిసీవర్, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు), బ్యాటరీ, చార్జర్, బాడీకి పెయింటు చాలావరకు విడిగానే కొనాలి. కిట్ ధర చూసి మురిసిపోయి తర్వాత తల పట్టుకున్నవాళ్లు చాలామంది, నాతో సహా.

పనిముట్లు

తమియా స్క్రూల తల ప్లస్ గుర్తులానే కనపడుతుంది కానీ అది జపాన్ వాళ్ల కొలత, జేఐఎస్ అంటారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెడితే గాడి జారి తల పాడవుతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి తప్పకుండా కొనండి, కిట్ మొత్తంలో బాగా పెట్టిన ఖర్చు అదే అని తర్వాత మీరే అంటారు. ఇంకా 1.5, 2, 2.5 మి.మీ. అలెన్ కీలు, చక్రాల నట్టుకు 7 మి.మీ. స్పానర్, చిన్న కటింగ్ ప్లయర్, వెర్నియర్ కాలిపర్, బాడీ కోయడానికి మొన వంగిన చిన్న కత్తెర. ఒక స్టీలు తాంబాళంలో తెల్ల గుడ్డ పరిచి దాని మీదే విప్పండి, ఎగిరిపడిన ఈ-క్లిప్ మంచం కిందికి పోతే పొద్దున దాకా వెతకాల్సిందే.

కట్టడం: తొందర పడొద్దు

రెండు సాయంత్రాలు పెట్టుకోండి, ఒక్క రాత్రిలో ముగించాలని చూడొద్దు.

పార్టుల్ని ప్లాస్టిక్ ఫ్రేము నుంచి కత్తిరించేటప్పుడు కొంచెం దూరంగా ఒకసారి, తర్వాత దగ్గరగా ఇంకోసారి కత్తిరించి, మిగిలిన బొడిపెను ఎమరీ కాగితంతో చదును చేయండి. ఆ చిన్న బొడిపె వల్లే గేరుబాక్స్ రెండు సగాలు సరిగ్గా మూసుకోవు, లోపల బేరింగు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, చక్రం బిర్రుగా తిరుగుతుంది. నా మొదటి బండిలో జరిగింది ఇదే.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ మొదటిసారి దిగేటప్పుడు గట్టిగా ఉంటుంది, దాని కొనను సబ్బు ముక్కకో కొవ్వొత్తికో రాసి తిప్పితే సాఫీగా పోతుంది. విప్పి మళ్లీ బిగించేటప్పుడు ముందు ఎడమకు తిప్పండి, టిక్కుమని చిన్న శబ్దం వచ్చి స్క్రూ పాత మరలోకి పడుతుంది, అప్పుడు కుడికి. ఇది అలవాటైతే షాసీ ఏళ్లు వస్తుంది. లేదంటే అయిదారు విప్పుళ్లకు రంధ్రాలన్నీ వదులైపోతాయి.

డిఫరెన్షియల్ దగ్గర ఆగి నిదానంగా చేయండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి కదా, ఆ తేడాను ఇచ్చేది డిఫ్. లోపల గ్రీజు లేదా సిలికాన్ ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే ఆ తేడా అంత తక్కువ దొరుకుతుంది. మొదటి బండికి ముందు డిఫ్‌లో చిక్కటి గ్రీజు, వెనక డిఫ్‌లో కిట్‌తో వచ్చినదే పలుచగా. ముందు బిగువుగా ఉంటే మలుపు దాటి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బండి తిన్నగా లాక్కుపోతుంది, వెనక వదులుగా ఉంటే తోక తొందరగా తిరగబడదు. ఆయిల్ డిఫ్ ఉన్న ఖరీదైన బండైతే వెనక 3,000 నుంచి 7,000 సీఎస్టీ (ఆయిల్ చిక్కదనం కొలత) మధ్యలో మొదలుపెట్టండి, ముందు చాలామంది అసలు డిఫ్ తీసేసి రెండు వైపులా కలిసి తిరిగే స్పూల్ వేస్తారు.

గేరుబాక్సు మూశాక, మోటారు పెట్టకముందు, ఒక చక్రాన్ని తిప్పి వదలండి. మెత్తగా తిరిగి నిదానంగా ఆగాలి. ఎక్కడో ఒకచోట పట్టుకుంటుంటే ముందుకు పోవద్దు, విప్పండి. ఇక్కడ బద్ధకిస్తే దాని బాకీ మోటారు వేడి రూపంలో, బ్యాటరీ రూపంలో ప్రతిరోజూ కడతారు.

టీటీ-02లో మోటారు ఎక్కడ బిగించాలో పినియన్ పళ్ల లెక్కను బట్టి రంధ్రాలు ముందే ఉంటాయి, మాన్యువల్‌లో చూసి పెట్టడమే. జరుపుకునే మోటారు ఉన్న బండ్లలో మాత్రం రెండు గేర్ల మధ్య సన్న కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి స్క్రూ బిగించి, గేరు తిప్పి కాగితం బయటికి తీస్తే సరైన సందు వస్తుంది. గేరు పళ్ల కొలతలు కలపొద్దు. టీటీ-02ది 0.6 మాడ్యూల్; 48 పిచ్, 64 పిచ్ అని వేరేవి ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉన్నా కలిస్తే పిండి చేస్తాయి.

షాక్‌లు నింపడం ఓపిక పని. ఆయిల్ పోసి, పిస్టన్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలన్నీ పోయేదాకా పది నిమిషాలు నిలబెట్టండి, తర్వాత మూత. ముందు జత రెండూ ఒకేలా, వెనక జత రెండూ ఒకేలా ఉండాలి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకేసారి నొక్కి వదిలితే తెలిసిపోతుంది. ఆయిల్ 400 సీఎస్టీతో మొదలుపెట్టండి. వేడికి ఆయిల్ పలచబడుతుంది కాబట్టి మే నెలలో ఎండలోనే తిప్పుతానంటే 500కి పోవచ్చు, జనవరిలో 350 చాలు.

స్ప్రింగులు పెట్టకముందు ఇంకో పరీక్ష: సస్పెన్షన్ చేతిని పైకెత్తి వదిలితే దాని బరువుకు అదే కింద పడాలి. పడకపోతే పిన్ను రంధ్రంలో తిప్పుతూ కొంచెం ఫ్రీ చేయండి. వదులు చేయమని కాదు, పట్టు పోగొట్టమని. వదులుకూ ఫ్రీకీ తేడా చేతికే తెలుస్తుంది.

సర్వో పెట్టే ముందు రిమోట్ ఆన్ చేసి, ట్రిమ్ (స్టీరింగ్ మధ్యను సరిచేసే మీట) సున్నాలో పెట్టి, సర్వోని మధ్యకు తెచ్చుకున్నాకే హార్న్ (సర్వో ఇరుసు మీది చిన్న చెయ్యి) బిగించండి. ముందు బిగించి తర్వాత ఆన్ చేస్తే ఒక పక్కకే తిరిగే బండి తయారవుతుంది. బ్యాటరీ ఒకవైపు ఉంటే మిగతా సామానంతా రెండో వైపుకు, కుడి ఎడమ బరువు వీలైనంత సమంగా. వైర్లు షాఫ్ట్‌కు తగలకుండా టై వేయండి, రిసీవర్ యాంటెన్నాను కోయొద్దు, మడిచి బ్యాటరీ కింద దాచొద్దు.

బాడీ పాలీకార్బొనేట్, రంగు లోపలి నుంచి వేయాలి, దానికి విడిగా పెయింటు దొరుకుతుంది. బైకులకు కొట్టే స్ప్రే డబ్బా వాడితే మొదటి గుద్దుడుకే పెచ్చులుగా ఊడుతుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టి, పల్చగా నాలుగు పూతలు, చివర్లో పైన ఉన్న సన్నటి ప్లాస్టిక్ పొర తీయండి. ఈ పని గురించి ఇంతకన్నా రాయను, అందం ఎవరి ఇష్టం వాళ్లది.

బ్యాటరీ: దీంట్లో మొండితనం పనికిరాదు

రెండు సెల్‌ల లిపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), 7.4 వోల్టులు, నిండితే 8.4. గట్టి డబ్బాలో ఉన్నదే కొనండి. చార్జింగ్ బ్యాటరీ సైజుకు సమానంగా, అంటే 5,000 ఎంఏహెచ్ ఉంటే 5 ఆంపియర్లు, సెల్‌లు సమంగా నిండేలా చూసే బ్యాలెన్స్ వైరు తగిలించి. ఒక సెల్ 3 వోల్టుల కిందికి పోతే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోండి, అందుకే ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) కటాఫ్‌ను సెల్‌కు 3.2కి తక్కువ కాకుండా పెట్టండి. వారం రోజులు తిప్పేది లేదనుకుంటే సెల్‌కు 3.8 దగ్గర స్టోరేజ్ చార్జిలో ఉంచాలి, నిండుగా ఉంచితే ఉబ్బుతుంది.

మన దగ్గర ఏప్రిల్, మే అంటే 42 డిగ్రీలు దాటడం మామూలే, మూసిన కారులో అయితే ఇంకా చాలా ఎక్కువ. బ్యాటరీలను డాష్‌బోర్డు మీదా, బైక్ డిక్కీలోనూ వదలొద్దు. నేను ఐస్ పెట్టని థర్మాకోల్ డబ్బాలో తీసుకుపోతాను. చార్జింగ్ మంచం మీదా, గడప లోపలా కాదు, వరండాలో, మట్టి కుండలో పెట్టి, పక్కన ఒక బకెట్ ఇసుక. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి వాడి చూద్దాం అనుకోవద్దు.

ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోట్. తలకిందులు చేస్తే బండి ఎటు ఉరుకుతుందో మీ చేతిలో ఉండదు.

గేరింగ్ లెక్క

చాలామంది ఇక్కడ అంచనాతో పోతారు, చిన్న లెక్క చాలు. పెద్ద గేరు పళ్లను పినియన్ పళ్లతో భాగించి, బండి లోపలి నిష్పత్తితో గుణిస్తే ఎఫ్‌డీఆర్ (ఫైనల్ డ్రైవ్ రేషియో) వస్తుంది. టీటీ-02లో పెద్ద గేరు 70, పినియన్ 22, లోపలి నిష్పత్తి 2.6. అంటే 8.27. మోటారు 8.27 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. టైరు వ్యాసం 63 మి.మీ. అనుకుంటే చుట్టుకొలత 198, దాన్ని 8.27తో భాగిస్తే మోటారు ఒక్క చుట్టుకు బండి దాదాపు 24 మి.మీ. పోతుందన్నమాట. పినియన్ 24 వేస్తే 26 మి.మీ., 20 వేస్తే 22 కన్నా కొంచెం తక్కువ. పళ్లు పెరిగితే పొడవు దారిలో స్పీడు పెరుగుతుంది, మోటారు వేడీ పెరుగుతుంది. పళ్లు తగ్గితే మలుపులోంచి చురుగ్గా లేస్తుంది, చల్లగా ఉంటుంది.

కల్లం లాంటి చిన్న ట్రాకులో టాప్ స్పీడు ఎవరికి కావాలి? ఒకట్రెండు పళ్లు తగ్గించుకోండి. ఎండాకాలంలో ఎలాగూ తగ్గించాల్సిందే, బయటి గాలే 42 ఉన్నప్పుడు మోటారు అక్కడి నుంచే మొదలవుతుంది మరి. రెండు నిమిషాలు తిప్పి వేడి చూడండి, మళ్లీ అయిదు నిమిషాలకు చూడండి. బయటి డబ్బా మీద 80 డిగ్రీలకు పోతుంటే ఆపి పన్ను తగ్గించాలి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు, అది 43 దగ్గరే ఆగిపోతుంది, నేను దాంతోనే చూసి చాలా రోజులు సంతోషంగా ఉన్నాను. ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉండే ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనండి.

తర్వాత బ్రష్‌లెస్ (లోపల కార్బన్ బ్రష్‌లు లేని) మోటారుకు పోతారు, 17.5 టర్న్, 13.5 టర్న్ అని, టర్న్ అంటే లోపలి తీగ చుట్లు. టర్న్‌లు తగ్గే కొద్దీ మోటారు వేగం ఎక్కువ. రేసుల్లో బ్లింకీ అనే మాట వింటారు: ఈఎస్‌సీ మోటారు టైమింగును తనంతట పెంచకుండా సున్నాలో పెడితే దాని లైటు మెరుస్తూ ఉంటుంది, అందరి బండ్లూ సమానంగా ఉండటానికి ఆ నియమం. 17.5 బ్లింకీ బండి ఎఫ్‌డీఆర్ 4 చుట్టుపక్కల ఉంటుంది, ఆ అంకె చూసి మామూలు 540 బ్రష్ మోటారుకు పెడితే పొగ వస్తుంది.

బండ మీద కొలవడం

సెటప్‌కు సమంగా ఉన్న బండ కావాలి. ఇంటి గచ్చు సమంగా ఉండదు, నాపరాయి అసలే ఉండదు. గ్రానైట్ షాపులో మిగిలిన ముక్క ఒకటిన్నర అడుగులది అడిగితే ఇస్తారు, లేదా మందపాటి అద్దం. దాని కింద కాగితాలు పెట్టి లెవెల్ చేసుకోండి.

బ్యాటరీతో సహా అన్నీ పెట్టి బండ మీద ఉంచి, రెండుసార్లు నొక్కి వదిలి, ముందు వెనక నేల నుంచి ఎత్తు కొలవండి. మన సిమెంటుకు 6 మి.మీ., అతుకులు లేని తారుకు 5 నుంచి 5.5. తర్వాత మెలిక చూడాలి: కత్తి అంచును ముందు భాగం సరిగ్గా మధ్యలో పెట్టి మెల్లగా లేపండి, రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందు లేస్తే షాసీయో, స్ప్రింగో మెలి తిరిగి ఉంది. కుడి మలుపు బాగా తిరిగి ఎడమ మలుపు తిరగని బండికి పది సార్లలో ఎనిమిది సార్లు కారణం ఈ మెలికే. పై డెక్ స్క్రూలు, షాక్ టవర్ స్క్రూలు వదులు చేసి, బండ మీద నొక్కి పట్టుకుని మళ్లీ బిగించండి.

కాంబర్ మార్చుకునే బండైతే నాలుగు చక్రాల పైభాగం లోపలికి ఒకటిన్నర డిగ్రీ, వెనక చక్రాలు ముందు వైపు కొనలు దగ్గరగా రెండు నుంచి మూడు డిగ్రీల టో-ఇన్, ముందు సున్నా. ఇక్కడి నుంచి మొదలు.

టైర్లు, అన్నిటికన్నా ఇవే

పదివేల సెటప్ ఒకవైపు, సరైన టైరు ఒకవైపు పెడితే టైరే గెలుస్తుంది. కిట్‌తో వచ్చేవి గట్టివి, దుమ్ము సిమెంటు మీద సబ్బు రాసినట్టు జారుతాయి. రేసు రబ్బరు టైర్ల మీద అంకెలుంటాయి, ఉదాహరణకు సోరెక్స్ బ్రాండు వాటిల్లో 24 చల్లటి ట్రాకుకు, 36 వేడి ట్రాకుకు. మన పగటి ఎండకు మెత్తటివి వేస్తే కరిగినట్టై పది నిమిషాల్లో పట్టు పోతుంది, అలాగని డిసెంబరు పొద్దున్న 36 వేస్తే అవి వేడెక్కేలోపు రేసు అయిపోతుంది. రెండు రకాలు ఉంచుకుంటే చాలు.

టైరును రిమ్‌కు అంటించడం మర్చిపోవద్దు, ఫెవిక్విక్ లాంటి పల్చటి గమ్ము అంచు చుట్టూ కొంచెం కొంచెం, లోపలి వైపూ బయటి వైపూ. అంటించకపోతే మలుపులో టైరు రిమ్ మీదే తిరుగుతుంది. ప్రతి రన్ తర్వాత స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి, గుడ్డ మీద ఎంత ఎర్రమట్టి వస్తుందో చూస్తే ఇంతసేపు దేని మీద తిరిగిందో అర్థమవుతుంది. సిమెంటు టైరును గరుకు కాగితంలా అరగదీస్తుంది, రెండు మూడు రన్‌లకు ఒకసారి కుడి ఎడమలు మార్చండి.

సెటప్: ఒక్కసారికి ఒక్క మార్పు

టైర్లు తుడిచి, మెలిక తీసి, ఎత్తు సరిచేసిన తర్వాత కూడా బండి మాట వినకపోతే అప్పుడు సెటప్. విదేశీ చాంపియన్ సెటప్ షీటు దింపుకుని మక్కీకి మక్కీ పెట్టేవాళ్లను చూశాను, ఆ షీటు పట్టున్న కార్పెట్‌కు రాసింది, మన కల్లానికి కాదు.

బండి మలుపులో ఎక్కడ ఇబ్బంది పెడుతుందో ముందు గమనించండి. మలుపులోకి దిగేటప్పుడా, మధ్యలోనా, బయటికి లేచేటప్పుడా? దిగేటప్పుడే తిన్నగా తోసుకుపోతుంటే ముందు స్ప్రింగు ఒక మెట్టు మెత్తగా చేయండి, ముందు యాంటీరోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) ఉంటే తీసేయండి. దుమ్ము నేల మీద నేను రెండు బార్లూ తీసేసే తిప్పుతాను. గ్యాస్ (యాక్సిలరేటర్) వదలగానే తోక తిరిగిపోతుంటే వెనక స్ప్రింగు మెత్తగా చేయండి, వెనక టో-ఇన్ అర డిగ్రీ పెంచండి.

వీటన్నిటికన్నా తక్కువమంది పట్టించుకునేది, నాకు ఎక్కువ పనికొచ్చింది డ్రూప్. బండిని పైకెత్తినప్పుడు చక్రాలు ఎంత కిందికి వేలాడతాయో అది. గ్యాస్ వదిలినప్పుడు వెనక భాగం లేస్తుంది, బరువు ముందుకు పోతుంది, ముందు టైర్లు నేలను పట్టుకుంటాయి. వెనక డ్రూప్ ఎక్కువుంటే అలా లేవడానికి వీలెక్కువ, కాబట్టి మలుపులోకి బాగా తిరుగుతుంది, మరీ ఎక్కువైతే తోక తేలిపోయి గిర్రున తిరుగుతుంది. వెనక డ్రూప్ తగ్గిస్తే బండి నిమ్మళంగా ఉంటుంది. ముందు డ్రూప్ తగ్గిస్తే గ్యాస్ ఇచ్చినప్పుడు ముక్కు లేవదు, బయటికి లేచేటప్పుడు కూడా స్టీరింగ్ ఉంటుంది. గతుకులున్న చోట రెండు వైపులా కొంచెం ఎక్కువే ఉంచాలి, లేదంటే చక్రం గుంతలోకి దిగదు. స్క్రూ పావు చుట్టు తిప్పితే వచ్చే మార్పు ఇది, రూపాయి ఖర్చు లేదు.

లింకుల కింద వాషర్లు వేసి రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) మార్చడం ఇంకా ఉంది, కానీ పది ల్యాపులు ఒకే టైములో తిప్పలేనంత వరకు దాని జోలికి పోవద్దు, మార్పు బండిలో వచ్చిందా మీ చేతిలో వచ్చిందా అన్నది తేలదు. ఒక్క మార్పు, అయిదు ల్యాపులు, నోటు పుస్తకంలో రాత, నచ్చకపోతే వెనక్కి. రిమోట్‌లో స్టీరింగ్ డ్యూయల్ రేట్ (చక్రాలు ఎంతవరకు తిరగాలో పెట్టేది) కూడా సెటప్పే. చాలామంది బండి తోక తిరుగుతోందని స్ప్రింగులు మారుస్తారు, స్టీరింగ్ పది శాతం తగ్గిస్తే పోయేదానికి.

రేసు రోజు

సాధారణంగా అయిదు నిమిషాల హీట్‌లు (ఫైనల్‌కు ముందు రేసులు), వాటి లెక్కను బట్టి ఫైనల్‌లో నిలబడే వరస. టైము అయ్యాక మొదలుపెట్టిన ల్యాపు పూర్తి చేయనిస్తారు. మీ ల్యాపు 18 సెకన్లనుకోండి, అయిదు నిమిషాల ఆరు సెకన్లకు 17 ల్యాపులు. రాత్రంతా కూర్చుని సెటప్ మార్చి ల్యాపుకు 0.2 సెకన్లు తగ్గించారనుకుందాం, మొత్తం మీద 3.4 సెకన్లు మిగిలాయి. ఒక్క పల్టీ కొడితే మార్షల్ వచ్చి తిరగేసే లోపు ఎనిమిది సెకన్లు పోతాయి. కాబట్టి మొదటి రేసులో ఎవరినీ దాటాలని చూడకండి, పైపును ముట్టకుండా అయిదు నిమిషాలు తిప్పండి చాలు, సగం మంది వాళ్లే వెనక్కి పోయి మీకు దారిస్తారు.

మీ హీట్ అయ్యాక తర్వాతి హీట్‌కు మీరు మార్షల్‌గా నిలబడాలి, రిమోట్ బల్ల మీద పెట్టి వెంటనే రండి. ఫోన్ చూస్తూ నిలబడితే అక్కడే తిట్లు పడతాయి. పల్టీ కొట్టిన బండిని లేపే ముందు రెండు వైపులా చూసుకోండి, కాలికి తగిలే బండి కిలోన్నర దాకా ఉంటుంది. నీళ్లు, టోపీ, గొడుగు, ముందే రిమ్‌కు అంటించిన ఒక టైర్ల సెట్టు, ఒక పినియన్, ముందు సస్పెన్షన్ చేతులు ఒక జత, ఇవి లేకుండా ఇంట్లోంచి కదలొద్దు. విరిగేది ఎప్పుడూ ముందు చెయ్యే.

ఇంటికొచ్చాక బ్యాటరీలు స్టోరేజ్‌కు పెట్టి, బ్రష్‌తో దుమ్ము దులిపి, చక్రాల బేరింగులు ఒక్కొక్కటి వేలి మీద తిప్పి చూడండి, గరగరమంటే స్పిరిట్‌లో కడిగి ఒక చుక్క నూనె వేయండి. యాసంగి కోతలు మొదలయ్యాక కల్లం ఎలాగూ దొరకదు. ఆ నెలన్నర డిఫ్‌లు విప్పుకుని ఇంట్లో కూర్చోవడమే.